మా బావ సరిచేసిన బాట

మా బావ తాపీ మేస్త్రి. ఆయనకు పెద్దవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా కనిపించదు. అందరికీ ఆయన రసమట్టం. రాయి సమంగా ఉందో లేదో గాజుగొట్టంలో బుడగ చూసి చెప్పే ఆ పనిముట్టును పాత తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకోనిదే గడప దాటడు. మా ఇంటికి భోజనానికి వచ్చినా ముందు దాన్ని బల్ల మీద పెట్టి చూసేవాడు. "ఒరేయ్ బామ్మర్దీ, నీ బల్ల మీద గోళీ పెడితే అది నీకంటే ముందు వీధిలోకి పోతుంది" అనేవాడు.

నేను పైపుల పనివాణ్ణి. ముప్పై ఏళ్ళుగా ఇద్దరం చాలాసార్లు ఒకే చోట పనిచేశాం. ఆయన గోడ కట్టేవాడు, నేను పైపు కోసం దాన్ని పగలగొట్టేవాణ్ణి. మా తగాదాలన్నీ అక్కడివే. చుట్టరికం వల్ల వచ్చినవి తక్కువ.

రసమట్టం అన్న పేరు ఆయనకు స్నేహవనంలో వచ్చింది. నలభై ఏళ్ళ కిందట వేరే దేశంవాళ్ళు మన దేశంతో స్నేహానికి గుర్తుగా కట్టించి ఇచ్చిన తోట అది. వాళ్ళ పనివాళ్ళే వచ్చి, ఆరు నెలలుండి కొలను తవ్వారు, కొయ్య వంతెన కట్టారు, గేటు నుంచి కొలను ఒడ్డు దాకా యాభై పలకరాళ్ళతో బాట వేశారు. బాట పక్కన రెండు దేశాల పెద్దలూ కలిసి నాటిన పూలచెట్టు ఉంది.

ఇరవై ఆరేళ్ళ కిందట, విరిగిన బెంచీ ఒకటి అతకమని తోట ఆఫీసువాళ్ళు బావను పిలిచారు. పని ఒక పూటలో అయిపోయింది. కాసేపు కూర్చుంటే బాట మీద చూపు పడింది. ఒక రాయి ఇటు వాలి ఉంది, ఇంకొకటి అటు. "అంత దూరం నుంచి వచ్చి, ఇంత మంచి రాయి తెచ్చి, పని మాత్రం ఎడమచేత్తో చేసి పోయారు" అన్నాడు నాతో. ఎవరూ అడగకుండానే నాలుగు రోజులు తన పని మానుకుని, ఒక్కో రాయీ లేపి, ఉన్నచోటే మళ్ళీ సమంగా కూర్చోబెట్టాడు. నలభై ఒకటి అయ్యాక వేరే చోటు నుంచి పిలుపు వచ్చింది. పొదల వెనక, కొలను ఒడ్డున తొమ్మిది రాళ్ళు మిగిలిపోయాయి. అక్కడికెవరు వెళ్తారులే అని వదిలేశాడు.

చంటిపిల్లల బండ్లు తోసుకెళ్ళే తల్లులు ఆయన్ని దీవించారు. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళు ఎవరొచ్చినా ముందు ఆ బాట మీద నడిపించేవాడు. తన గురించి ఒక్క ముక్క చెప్పుకునేవాడు కాదు, నడిచాక వాళ్ళ మొహం చూసేవాడంతే. పని దొరికేది. "మా పెళ్ళి ఏ రోజు జరిగిందో అడిగితే తడుముకుంటారు, ఆ బాట ఏ రోజు పూర్తయిందో అడుగు, గంటతో సహా చెప్తారు" అని మా అక్క దెప్పేది.

ఈ ఏడు ఆ దేశం నుంచి అతిథులు వస్తున్నారని తోటను బాగుచేయడం మొదలుపెట్టారు. అప్పటికి వంతెన పుచ్చింది, కొలను పూడింది, పూలచెట్టు సగం ఎండింది. పని చూసే ఇంజినీరమ్మ మా పిల్లల వయసుది. రాళ్ళు ఎత్తడానికి బావను, నీటి పైపులకు నన్ను పెట్టుకుంది. మొదటి రోజే చెట్టు మొదట్లో గునపం దించి చూపించింది. నల్లటి మట్టి కంపు కొడుతూ బయటికి వచ్చింది.

"వేళ్ళు కుళ్ళిపోతున్నాయి మేస్త్రిగారూ. బాట మీద నిలిచిన నీళ్ళన్నీ ఇక్కడికే దిగుతున్నాయి. కట్టినవాళ్ళకి ఇక్కడి వానల సంగతి తెలీదు, వాటం పెట్టకుండా పోయారు. రిపోర్టులో అదే రాశాను. ఈ రాళ్ళు తీసేసి సిమెంటు బాట వేసేద్దాం."

వాటమంటే నీళ్ళు జారిపోవడానికి ఇచ్చే వాలు. బావ నా వైపు చూడకుండా గునపం అందుకున్నాడు.

లేపిన రాయినల్లా నేను గొట్టంతో కడుగుతున్నాను. మూడో రాయి అడుగున మట్టి పోగానే ఒక ఉలిగీత, దాని చివర చిన్న చుక్క కనిపించాయి.

"ఇదేంటి బావా?"

"అప్పుడూ చూశాను. గనిలో పెట్టిన గుర్తనుకున్నా."

నాలుగో రాయికీ ఉంది, చుక్క మాత్రం రెండో పక్కన. అయిదోదానికి ఇంకో మూల. బావ గునపం కింద పెట్టాడు. మగ్గుతో నీళ్ళు తీసుకుని పొదల వెనక్కి నడిచాడు. నేనూ వెళ్ళాను. తను ముట్టుకోని ఆ తొమ్మిది రాళ్ళ చుట్టూ నేల గట్టిగా ఉంది, పొదలు పచ్చగా ఉన్నాయి. ఒక రాయి మీద నీళ్ళు పోశాడు. బొట్టు నిలవకుండా ఒక పక్కకు జారి కొలనులోకి పోయాయి. ఆ రాయి లేపి చూస్తే, నీళ్ళు పోయిన పక్కనే చుక్క. ఇంకో రెండు చూశాం. అవీ అంతే.

"ఒరేయ్, వాడు ఎడమచేత్తో చెయ్యలేదురా" అన్నాడు బావ.

"ఎవడు?"

"ఈ రాళ్ళు వేసినవాడు. ఏ రాయి మీది నీళ్ళు ఎటు పోవాలో గుర్తు పెట్టుకుని మరీ వేశాడు. నేను సరిచేశాను."

వాటం లేని పైపులో నీళ్ళు కదలవని నేను రోజూ పదిమందికి చెప్తుంటాను. ఆ బాట మీద ఇరవై ఆరేళ్ళు నడిచి నేనూ శభాష్ అన్నవాణ్ణే.

మధ్యాహ్నం వాళ్ళింట్లో అన్నం ముందు కూర్చున్నాం. బావ కలుపుతున్నాడే గానీ తినడంలేదు. డాక్టరుగారి కొత్త ఇంటి నేల పని ఆ బాట చూపించే ఒప్పుకున్నాడని నాకు తెలుసు.

"సిమెంటు పడిందంటే గుర్తులూ ఉండవు, అడిగేవాళ్ళూ ఉండరు. ఊరుకో బావా" అన్నాను.

"నువ్వు ఊరుకో" అంది అక్క నన్ను. ఆయన వైపు తిరిగి, "చెప్తే ఏం పోతుందండీ?"

"పేరు పోతుందే."

"పోనీండి. మీ అమ్మగారు పెట్టింది ఉందిగా. ఎవరూ వాడనేలేదు, కొత్తదానిలాగే ఉంది."

నేను నవ్వాను. బావ నవ్వలేదు. "నా పని బాగాలేదంటే పడతాను. నా తప్పు తీసుకెళ్ళి వాడి నెత్తిన రుద్దితే, వాడు అంత దూరం నుంచి వచ్చి కాదని చెప్పుకోలేడు కదే" అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచాడు.

ఇంజినీరమ్మ విని చిరాకు పడింది. "రిపోర్టు పై ఆఫీసుకు వెళ్ళిపోయింది మేస్త్రిగారూ. ఇప్పుడు మార్చాలంటే నేను సరిగ్గా చూడకుండా రాశానని ఒప్పుకోవాలి."

"నేను ఒప్పుకున్నానుగా అమ్మా. తోడుంటాను."

ఆవిడ చెప్పులు విప్పి, పొదల వెనక్కి వచ్చి, రెండో మగ్గు తనే పోసి చూసింది. కాగితం తీసి 'తర్వాతి మరమ్మతులో జరిగిన లోపం' అని రాసి చదివి వినిపించింది.

"ఎవరి మరమ్మతో కూడా రాయండి. లేకపోతే మళ్ళీ వాళ్ళదే అనుకుంటారు."

"పేరు చెప్పండి" అంది. రసమట్టం అని రాయడం కుదరదు కదా. బావ ఒక క్షణం తడుముకుని అసలు పేరు చెప్పాడు.

రాళ్ళు ఉంచడానికి పై ఆఫీసు ఒప్పుకుంది. చెడగొట్టిన మనిషికే మళ్ళీ పని ఏమిటని ఒకాయన అడిగాడట. ఏ రాయి ఎక్కడిదో ఇంకెవరికీ తెలియదని ఇంజినీరమ్మ చెప్పింది. డాక్టరుగారి నేల పని మాత్రం వేరే మేస్త్రికి పోయింది. టీ కొట్టులో బల్ల ఊగితే, "రసమట్టాన్ని పిలవండి, చెట్టు చచ్చేదాకా సరిచేస్తాడు" అని ఎవరో అన్నారు. బావ అక్కడే ఉన్నాడు. టీ పూర్తిగా తాగి, గ్లాసు పెట్టేసి వచ్చాడు.

మూడు వారాలు పట్టింది. పనిముట్టు తువ్వాలులోనే, బెంచీ మీద ఉండిపోయింది. చుక్క చూసి రాయి దించడం, నీళ్ళు పోయడం, మళ్ళీ లేపి కింద మట్టి తియ్యడం. కొన్ని రాళ్ళు ఆరేడుసార్లు లేచాయి. "నేను వాల్చాలనుకుంటాను, చెయ్యేమో సమం చేసేస్తోందిరా" అనేవాడు. చెట్టు సంగతి రెండేళ్ళు ఆగితే గానీ తెలియదని తోటమాలి చెప్పాడు.

చెట్టు పక్కనున్న రాయి ఎత్తేటప్పుడు రెండు ముక్కలైంది. బావ కొత్త రాయి తెచ్చి అదే కొలతకు చెక్కాడు. తిరగేసి అడుగున గీత కొట్టాడు, చివర చుక్క పెట్టబోయాడు.

"అదెందుకు బావా? ఎవరు చూస్తారు?"

"నాలాంటివాడు ఇంకొకడు రాకపోడు."

"వాడూ గని గుర్తనుకుంటే?"

బావ ఉలి ఆపి ఆలోచించాడు. అప్పుడు చుక్కను మామూలు కంటే బాగా లోతుగా కొట్టాడు. ఇద్దరం పట్టి రాయిని దించాం. మోకాళ్ళ మీద వంగి నాలుగు మూలలా నొక్కి చూశాడు.

"పొయ్యి" అన్నాడు.

మగ్గుతో పోశాను. నీళ్ళు ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, చెట్టుకు అవతలి పక్కకు జారిపోయాయి.