జాబితాలో కొట్టేసిన పేరు

నిన్న సాయంత్రం రేపల్లెలో కుటుంబ ప్రార్థనకు వచ్చినవాళ్లు తొమ్మిది మంది. ఆడవాళ్లు ఆరుగురు, నాతో కలిపి మగవాళ్లు ఇద్దరు, తల్లి ఒడిలో నిద్రపోతున్న చంటిపాప. చాపలు రెండు, ప్లాస్టిక్ కుర్చీలు మూడు, కీర్తనల పుస్తకాలు నాలుగు, తిరగని ఫ్యాను ఒకటి. కరెంటు పోయి పది నిమిషాలైంది. నా ముందు కూర్చున్న ముసలావిడ మోకాళ్లకు నీలగిరి తైలం రాసుకుని వచ్చింది. ఆ వాసన తగలగానే పాట మధ్యలో చరణం తప్పాను. మార్తమ్మగారు నా మోపెడ్ వెనక కూర్చుని తిరిగినంత కాలం నా చొక్కా వీపుకు అదే వాసన ఉండేది. ఆవిడ పోయి రెండేళ్లు. ఆవిడ చేసిన మంచి పనుల గురించి చెప్పేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఆవిడ గురించి చెప్పాలంటే నేను చేసిన ఒక పని కూడా చెప్పాలి. ఆవిడ వెళ్లాల్సిన ఇళ్ల జాబితాలోంచి ఒక మనిషి పేరు నా చేత్తో కొట్టేశాను.

మార్తమ్మగారు మా లూథరన్ సంఘంలో బైబిల్ స్త్రీగా పనిచేసి రిటైరయ్యారు. మంచాన పడ్డవాళ్లను, గుడికి రాలేని ముసలివాళ్లను ఇళ్లకు వెళ్లి చూసి, వాళ్ల దగ్గర కూర్చుని రావడం ఆ ఉద్యోగం. ఉద్యోగం అయిపోయినా ఆవిడ వెళ్లడం మానలేదు. నేను బాపట్లలో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, తెనాలిలో ఒక రైస్ మిల్లులో మోటార్లు, స్టార్టర్లు చూసే పనిలో చేరాను. రేపల్లెలో మా మేనమామ గది ఖాళీగా ఉండటంతో అక్కడే ఉంటూ రోజూ పాసింజరు బండిలో వెళ్లివచ్చేవాణ్ణి. ఆవిడది గోడ పక్క ఇల్లు. చేరిన ఏడాదే నాకు పచ్చకామెర్లు వచ్చాయి. నాలుగో రోజు ఆవిడ తలుపు తోసుకుని వచ్చి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని నా చేతులు చూశారు.

"ఏంటి నాయనా ఈ గోళ్లు? మిల్లు గ్రీజంతా నీ దగ్గరే ఉందే."

"నేను తీసుకుంటానండి."

"తీసుకునేవాడివైతే ఈపాటికి తీసుకునేవాడివిగా. చెయ్యి ఇటివ్వు."

బైబిలు పెట్టుకునే గుడ్డసంచిలోంచి నెయిల్ కట్టరు తీసి చేతులవి పది, కాళ్లవి పది, ఇరవై గోళ్లూ తీసి, ముక్కలు కాగితంలో పొట్లం కట్టారు. మంచాన పడ్డవాళ్లకు ఇంట్లోవాళ్లు అన్నం పెడతారు, మందు వేస్తారు, గోళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదని ఆవిడ లెక్క. లేవబోతూ అడిగారు. "ప్రార్థన చెయ్యమంటావా, వద్దంటావా?"

"మీ ఇష్టమండి."

"నా ఇష్టమైతే మా ఇంట్లోనే చేసుకుంటానుగా. నీ సంగతి చెప్పు."

చెయ్యమన్నాను. పెద్ద ప్రార్థన వినడానికి సిద్ధపడి కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, ఈ అబ్బాయికి ఆకలి పుట్టించు" అని ఆమేన్ అనేశారు.

ఆ తర్వాత ఆవిడ రోజు ఎలా నడుస్తుందో నాకు గోడ ఇవతల నుంచే తెలిసింది. తెల్లవారుజామున లేచి పేర్లు చెప్పుకునేవారు. ఒక పేరు, కొంచెంసేపు నిశ్శబ్దం, ఇంకో పేరు. ఏం అడుగుతున్నారో వినబడేది కాదు, పేర్లే వినబడేవి. ఒకరోజు వాటిలో నా పేరు విని మళ్లీ నిద్రపట్టక లేచి కూర్చున్నాను. శుక్రవారం ఉపవాసం. ఆ రోజు కూడా తన వంతు అన్నం, కూర వండి, రెండు గిన్నెల క్యారియర్లో సర్ది, ఎవరో ఒకరి ఇంటికి పట్టుకెళ్లేవారు. మా మిల్లుకు వారంలో ఒకరోజు కరెంటు సెలవు ఉండేది. మాది శుక్రవారం. ఆవిడ మోకాళ్లు వంగడం మానేస్తున్న రోజులవి. బస్సు మెట్లు ఎక్కలేకపోవడం చూసి, నేనే మోపెడ్ మీద తీసుకెళతానన్నాను. అలా మొదలై మూడేళ్లు తిరిగాం.

ఆవిడ దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉండేది. నలభై మూడు పేర్లు. పేర్లని నేను అంటున్నాను గానీ సగం పేర్లే కావు. 'లాకుల దగ్గర పక్షవాతం ఆయన.' 'కోడలు తిట్టే మామ్మ.' 'పేరు చెప్పనావిడ.' ఊళ్లు లేవు, తేదీలు లేవు. ఒకే వీధిలో ఉన్న ఇద్దరి కోసం రెండు శుక్రవారాలు రెండుసార్లు వెళ్లిన సందర్భాలున్నాయి. నాకది భరించలేనట్టుగా ఉండేది. ఆవిడకు కంట్లో పొర వచ్చి చదవడం కష్టమవుతున్నప్పుడు నేనే పూనుకుని కొత్త రిజిస్టరు తయారుచేశాను. వరస సంఖ్య, ఊరు, జబ్బు, వెళ్లిన తేదీ, మళ్లీ వెళ్లాల్సిన తేదీ. రేపల్లె ఇళ్లు ఒక వారం, భట్టిప్రోలు వైపువి ఒక వారం, తెనాలి దారిలోవి ఒక వారం. మిల్లులో మోటార్ల తనిఖీకి నేను రాసుకునే పట్టీ ఎలా ఉంటుందో అచ్చం అలాగే. చదివి వినిపిస్తే ఆవిడ నవ్వారు.

"మంచాన పడ్డవాళ్లందర్నీ మోటార్లు చేశావు కదరా. మరి నాకెప్పుడు పెడతావు గ్రీజు?"

కానీ పని జరిగింది. అంతకుముందు శుక్రవారానికి రెండిళ్లయితే గొప్ప. రిజిస్టరు వచ్చాక ఐదిళ్లు తిరిగాం. ఆ అంకె చూసుకుని నాకు గర్వంగా ఉండేది.

భట్టిప్రోలులో జెకర్యా మాస్టారి ఇల్లు ఒక్కటే నా పట్టీకి అడ్డం వచ్చేది. ఆయన బడిపంతులుగా చేసి రిటైరైనాయన. ఇరవై ఏళ్లు అక్కడి గుడిలో పిల్లలకు ఆదివారపు బడి నడిపాడు. భార్య నెలరోజులు మంచంలో ఉండి చనిపోయింది. ఆ నెలలో సంఘం నుంచి ఒక్కరూ ఆ గడప తొక్కలేదు. చనిపోయాక మాత్రం అందరూ వచ్చారు. అప్పటి నుంచి ఆయన గుడివాళ్లకు తలుపు తీయడం మానేశాడు. ఆ నెలలో వెళ్లనివాళ్లలో మార్తమ్మగారు కూడా ఉన్నారు. ఎందుకు వెళ్లలేదని నేను అడిగితే, "కుదరలేదు నాయనా. కుదరలేదనే అనుకున్నాను అప్పుడు" అన్నారు. తలుపు తీస్తే ఆయన్ను ఒక్క మాట అడగాలని ఆవిడ కోరిక. క్షమించమని. గుమ్మం బయటి నుంచి కేకేసి అడిగే మాట కాదు అది అనేవారు.

అందుకని ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, మిగతా ఇళ్లు ఎక్కడున్నా సరే, ఆ ఇంటికి వెళ్లాల్సిందే. నాలుగు మెట్లు ఎక్కడానికి నా భుజం పట్టుకునేవారు. అరుగు మీద కూర్చుని మూసిన తలుపుతో చెప్పేవారు. "మాస్టారండీ, మార్తమ్మనండి. కాసేపు కూర్చుని వెళ్తాను." లోపలి నుంచి జవాబు లేదు. పాట పాడేవారు కాదు, పైకి ప్రార్థన చేసేవారు కాదు. అరగంట కూర్చుని, "వస్తానండి మాస్టారూ" అని లేచేవారు. నేను మోపెడ్ మీద కూర్చుని గడియారం చూసుకునేవాణ్ణి. ఆ అరగంటలో ఇంకో ఇల్లు అవుతుంది. ఏడాదికి ఇరవై ఆరు గంటలు. ఒకసారి ఆవిడతో అన్నాను కూడా.

"లోపల ఉన్నారో లేదో కూడా తెలీదు కదండీ."

"ఉంటే ఉంటారు. లేకపోతే అరుగుంది."

ఎండలు ముదిరాక నేను రిజిస్టరు మళ్లీ రాశాను. కొత్తగా ఒక నిబంధన పెట్టాను. వరసగా మూడుసార్లు తలుపు తీయని ఇల్లు జాబితా నుంచి తీసివేత. ఆ నిబంధన కిందికి వచ్చిన ఇల్లు ఒక్కటే. ఎర్ర సిరాతో గీత కొట్టాను. ఆవిడకు చెప్పలేదు. ఆ స్థానంలో వెల్లటూరు రోడ్డులో తుంటి విరిగిన ఒకావిణ్ణి చేర్చాను. తప్పు చేస్తున్నానని అనిపించలేదు. న్యాయంగా పంచుతున్నాననిపించింది. మూడో వారం మార్తమ్మగారు బండి వెనక నుంచి అడిగారు.

"మాస్టారి వంతు ఎప్పుడొస్తుంది అబ్బాయ్?"

"జాబితా ప్రకారం పోతున్నామండి" అన్నాను.

"సరే అయితే" అన్నారు. మళ్లీ అడగలేదు. ఆ వారాల్లో కూడా తెల్లవారుజామున గోడ అవతల ఆయన పేరు వినబడుతూనే ఉంది. అలవాటు కొద్దీ చెబుతున్నారులే అనుకున్నాను.

ఎనిమిదో వారం, గురువారం సాయంత్రం కబురు వచ్చింది. మాస్టారు పోయారు. శుక్రవారం పొద్దున్నే వెళ్లాం. ఈసారి కూడా సంఘమంతా వచ్చింది. తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి. మూడేళ్లలో ఆ ఇంటి లోపలి భాగం నేను చూడటం అదే మొదలు. మాస్టారికి అన్నం వండిపెట్టే పక్కింటి రత్తమ్మ గడపలోనే మార్తమ్మగారి చెయ్యి పట్టుకుంది.

"ఇన్ని వారాలు ఏమైపోయారండీ అమ్మగారూ? ఒంట్లో బాగోలేదా?"

మార్తమ్మగారు గడప దాటి లోపలికొచ్చారు. రత్తమ్మ తలుపు వెనక ఉన్న చేతుల కుర్చీ చూపించింది.

"శుక్రవారం వచ్చిందంటే అన్నం తినగానే ఆ కుర్చీ లాక్కొచ్చి ఇక్కడేసుకునేవారు. ఏంటి మాస్టారూ, గాలి కూడా రాదు ఇక్కడ అంటే, ఊరుకోవే, బయట మనిషొస్తుంది అనేవారు. తలుపు తియ్యొచ్చుగా మరి, పాపం ముసలావిడ అంటే, వచ్చేవారం చూద్దాంలే అనేవారు. మీరు రావడం మానేశాక కూడా ఏసుకునేవారండి. మొన్న శుక్రవారం కూడా కూర్చున్నారు, ఎండ దిగేదాకా."

అరుగుకూ ఆ కుర్చీకీ మధ్య ఒక తలుపు మందం ఉంది. టేకు తలుపు, ఒకటిన్నర అంగుళం. కొలవకుండా ఉండలేకపోయాను, కళ్లతోనే అయినా.

మార్తమ్మగారు శవం పక్కన చాప మీద కూర్చున్నారు. కాసేపటికి తెల్లబట్ట కింద నుంచి మాస్టారి చెయ్యి బయటికి తీసి, వేళ్లు తడిమి చూశారు. "బాగా పెరిగాయి" అన్నారు. సంచిలోంచి కట్టరు తీశారు. కళ్లు కనబడక ఒక్కో వేలినీ తన బొటనవేలితో వెతుక్కుంటూ తీస్తుంటే, పాట ఎత్తుకోబోయిన పాస్టరుగారు ఆగిపోయారు. ఇరవై గోళ్లూ అయ్యాకే పాట మొదలైంది.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద బండి ఆపాను.

"అమ్మగారూ, మాస్టారి పేరు నేనే కొట్టేశానండి. ఏడు వారాలైంది."

వెనక ఆవిడ గుడ్డసంచి ఒళ్లోకి సర్దుకున్నారు. తర్వాత, "బండి పోనియ్యి. కాళ్లు లాగుతున్నాయి" అన్నారు.

మరుసటి శుక్రవారం నేను బండి తుడిచి వాకిట్లో పెట్టేసరికి ఆవిడ ఇంటికి తాళం వేసి ఉంది. బస్సులో వెళ్లారట. ఆ మర్నాడు వచ్చి, "నా పాత పుస్తకం నీ దగ్గర ఉందేమో చూడు" అన్నారు. ఇచ్చాను. రిజిస్టరు కావాలా అని నేను అడగలేదు, ఆవిడా అడగలేదు. కోపంగా మాట్లాడలేదు. పండక్కి పిండివంటలు ఎప్పటిలాగే పంపించారు. కానీ నా బండి మాత్రం మళ్లీ ఎక్కలేదు. చదవలేని పుస్తకం సంచిలో పెట్టుకుని, కండక్టరు చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కుతూ ఇంకో ఏడాది తిరిగారు. బస్టాండులో ఆవిణ్ణి దూరం నుంచి చూసి పక్కకు తప్పుకున్న రోజులున్నాయి నాకు.

చూపు పూర్తిగా పోయాక ఆవిణ్ణి బాపట్లలో తమ్ముడి ఇంటికి చేర్చారు. నేను చూడటానికి వెళితే వరండాలో మడతమంచం మీద ఉన్నారు. అడుగుల చప్పుడుకే పోల్చుకున్నారు. చాలాసేపు మిల్లు సంగతులు, మా అమ్మ సంగతులు అడిగారు. చివరికి నేనే ఆ మాట ఎత్తాను. నన్ను క్షమించారా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"నీ సంగతి కాదది. రోజూ తెల్లారగట్ల ఆయన పేరు చెప్పాను కదరా. నువ్వు తీసుకెళ్లకపోతే నాకు గుర్తులేదనుకున్నావా?"

"మరి అడగలేదేంటండి?"

"అడిగాను. జాబితా ప్రకారం అన్నావు. ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ ఎండలో ఆ నాలుగు మెట్లు ఎక్కనక్కర్లేదని సంతోషించాను. మాస్టారి ఇంటావిడ మంచాన పడ్డప్పుడూ అంతే, కుదరలేదనుకున్నాను. పేరు చెప్పుకుంటే చాల్లే అనుకున్నాను." మడతమంచం అంచు తడుముకుంటూ అన్నారు. "నీ బండి ఎక్కితే మళ్లీ హాయిగా ఉంటుంది. అందుకని ఎక్కలేదు. నీ మీద కోపం కాదు."

ఆవిడ నా చెయ్యి వెతుక్కుని పట్టుకుని, వేళ్ల చివర్లు తడిమి వదిలేశారు. ఆ తర్వాత రెండు నెలలకు పోయారు. సమాధి కార్యక్రమానికి వెళ్లాను. గోళ్లు ఎవరైనా తీశారో లేదో అడగడానికి ధైర్యం చాలలేదు.

ఉపవాసం నాకు ఇప్పటికీ సరిగ్గా పట్టుబడలేదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి తల తిరుగుతుంది. తెల్లవారుజామున లేస్తాను గానీ పేర్లు చెప్పుకుంటుంటే మధ్యలో మిల్లు పనులు గుర్తొస్తాయి. నిలబడిన అలవాటు ఒక్కటే. మా మిల్లులో ఫిట్టరుగా చేసిన ఒకాయన కొల్లిపరలో ఉంటాడు. కొడుకు చనిపోయాక పని మానేసి ఇల్లు కదలడం లేదు. ఆయన మా సంఘం మనిషి కాదు, మా మతమూ కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు కిటికీలోంచి, "ఎందుకొచ్చావ్, పో" అన్నాడు. తర్వాత ఆ మాట కూడా అనడం లేదు. ప్రతి శుక్రవారం వెళ్లి నా పేరు చెప్పి, మెట్టు మీద అరగంట కూర్చుని వస్తాను. తలుపు వెనక ఎవరైనా కూర్చున్నారో లేదో తెలియదు. వెళ్లిన వారాలు రాసుకోకుండా మాత్రం ఉండలేకపోతున్నాను.

ఇప్పటికి ఇరవై రెండు శుక్రవారాలు. తలుపు తీసినవి, సున్నా.