రన్‌వే మీద బర్రె ఈనిన చోటు

ఏడో తరగతి సోషల్ ప్రాజెక్టును ఆన్‌లైన్‌లో చేయిద్దామన్న ఆలోచన నాదే. కాబట్టి ఆ నెల రోజులు నేను నవ్విన నవ్వుకీ, అరిచిన అరుపులకీ ఇంకెవరినీ అనడానికి లేదు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎలా?

శంషాబాద్ దాటాక, విమానాలు తలల మీదుగా దిగే ఊళ్లో మా సర్కారు బడి. నేను షాద్‌నగర్ నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. విమానం పోయేదాకా పాఠం ఆపడం, పోయాక ఆపిన మాట దగ్గరే అందుకోవడం నాకు ఎంత అలవాటంటే, ఇంట్లో మిక్సీ మోగినా మాట ఆపి నిలబడేదాన్ని.

ప్రాజెక్టు పేరు ‘ఎయిర్‌పోర్టు రాకముందు మన ఊరు’. ఇంటర్నెట్‌లో అందరికీ కలిపి ఒకటే కాగితం. ఎవరింట్లో వాళ్లు కూర్చుని అందులోనే రాయొచ్చు. ఒకరు రాస్తుంటే మిగతావాళ్లకు, రాసేవాళ్ల పేరున్న రంగు గీతతో సహా, అక్షరం అక్షరం కనిపిస్తుంది, పక్కన చిన్న డబ్బాలో నేను తప్పులు చెప్పొచ్చు. పైన ఊరి పటం, పటం మీద అంకెలు, కింద ఏ అంకె దగ్గర ఒకప్పుడు ఏముండేదో రెండు మూడు వాక్యాలు. బాగా రాసిన నలుగురు మండల ప్రదర్శనకు వస్తారని చెప్పి, లింకును తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

నాకు తట్టని సంగతి ఒకటుంది. పిల్లలకు సొంత ఫోన్లు లేవు, ఉన్నవి నాయనల ఫోన్లు. ఆ ఫోన్లలో ఉన్నవి నాయనల దుకాణాల పేర్లు. మొదటి రోజు సాయంత్రం టీ తాగుతూ తెరిచి చూద్దును కదా, మా ఊరి చరిత్రను ఒక టెంట్ హౌస్, ఒక చికెన్ సెంటర్, ఒక జేసీబీ వర్క్స్, ఒక ట్రావెల్స్ కూర్చుని రాస్తున్నాయి. ‘మన ఊరికి తూర్పున కుంట ఉండెను’ అని చికెన్ సెంటర్ రాసింది. జేసీబీ వచ్చి నా కళ్లముందే ఆ కుంటను తుడిచిపెట్టేసింది. నవ్వు ఆపుకోలేక టీ పొలమారి, మా ఆయన వచ్చి నెత్తిన తట్టాల్సి వచ్చింది.

రెండో రోజుకు టెంట్ హౌస్ ఒక్క ముక్కా రాయలేదు. పక్క డబ్బాలో కోపంగా పెట్టాను: “టెంట్ హౌస్, ఎక్కడి పని అక్కడే ఉంది. ఎప్పుడు పూర్తి చేస్తావు?” ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది: “మేడం, షామియానా కట్టినం. కుర్చీలు తొవ్వల ఉన్నయి. జర పరేషాన్ కాకుండ్రి.”

మరునాడు ఆ జవాబు చదివి వినిపిస్తే తరగతి తరగతంతా బెంచీల మీద దొర్లింది. టెంట్ హౌస్‌గారి అబ్బాయి మాత్రం తల బ్యాగులో దూర్చేశాడు. ఆ రోజు నుంచి నేను హాజరు కూడా ఆ పేర్లతోనే పిలిచాను. “చికెన్ సెంటర్, నిలబడు, కాకతీయుల రాజధాని ఏది?” అని నేనంటున్నప్పుడు హెడ్మాస్టరుగారు గుమ్మంలో ఆగి, ఏదో అడగబోయి, అడగకుండానే వెళ్లిపోయారు.

ట్రావెల్స్ మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునే అమ్మాయి. నాయన ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబు నడుపుతాడు. ఆ పిల్ల నోరు విప్పితే వాన పడుతుందని నేనే ఎగతాళి చేసేదాన్ని. క్విజ్‌కు గానీ, జెండా పండుగ రోజు డాన్సుకు గానీ ఆ పిల్లను ఎవరూ ఎప్పుడూ ఎంచుకోలేదు, నాతో సహా. అలాంటిది, ట్రావెల్స్ పేరు మీద పడుతున్న వాక్యాలు చూస్తే నాకు మతిపోయింది. ‘12. ఇక్కడ మా మోటబాయి ఉండె. నీళ్లు తియ్యగ ఉండె. 13. ఇక్కడ తేలు కుట్టింది. ఏడ్వలేదు. 14. ఇక్కడ మా బర్రె ఈనింది. దుడ్డె పుట్టింది.’ పటంలో చూస్తే ఆ మూడు అంకెలూ సరిగ్గా రన్‌వే నడుమ ఉన్నాయి. బస్సులో చదువుతూ ఎంత గట్టిగా నవ్వానంటే కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

నలుగురి జాబితాలో మొదటి పేరు ఆ పిల్లదే రాశాను. ఇంటర్వెల్‌లో వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

“మేడం, నిజంగ నేను పోతనా?”

“పోతవ్.”

అంతే, వరండా ఆ చివరి దాకా ఉరికింది. సాయంత్రానికి వాళ్ల గల్లీ అంతటికీ తెలిసిపోయిందట.

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు, ‘ఇది పిల్లలు స్వయంగా చేసిన పని’ అన్న పత్రం మీద నేను సంతకం పెట్టాలి. సంతకమంటే సంతకమే కదా అని, ఏ గంటకు ఎవరి పేరు మీద ఏ అక్షరం పడిందో చూపించే చోటు తెరిచాను. మోటబాయి, తేలు, బర్రె, మూడూ మంగళవారం పదకొండుంబావుకు పడ్డాయి. మంగళవారం పదకొండుంబావుకు ఆ పిల్ల నా ఎదురుగా నిలబడి పాఠం చదువుతోంది. బడిలోకి ఫోను రాదు.

నాది పాలపొంగు కోపం. పిలిచి అడిగాను, “ఎవరు రాసిన్రు?” అని. తల దించుకుంది. “బాపు,” అంది.

ఎర్ర పెన్నుతో దాని ఎదురుగానే పేరు కొట్టేశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

“మేడం, బర్రెను గూడ తీసేస్తరా?”

“అన్నీ తీసేస్త,” అన్నాను.

మరునాడు పొద్దున నాయన వచ్చాడు. గేటు బయట క్యాబు, చేతిలో తాళంచెవి, ఒంటి మీద తెల్ల యూనిఫాం.

“తప్పు నాది మేడం. పిల్లకేం తెల్వది. నా బండి నంబరు వచ్చేదాంక పార్కింగుల గంటలు గంటలు కూసుంట. ఫోన్ల గీ కాగితం తెరుసుకుంది. చూస్తే మా పొలం కాడ రన్‌వే అని రాసి ఉన్నది. రన్‌వే అయితే అయింది, దాని కింద ఏముండెనో జర రాద్దామనిపిచ్చింది. ఒకటి రాస్తే ఇంకోటి యాదికొచ్చింది. బర్రె ఆడనే ఈనింది మేడం. నేను పక్కన్నే ఉన్న.”

ఏటా పాఠంలో చరిత్రకు ఆధారాలంటే శాసనాలు, నాణేలు అని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. పెద్దవాళ్ల నోటిమాట కూడా ఆధారమేనని నేనే పరీక్షలో రెండు మార్కులకు అడుగుతాను. ఆ ఆధారం నడిచొచ్చి తప్పైందని నాకు చెబుతోంది. నిజంగా సిగ్గేసింది. ఆ పిల్లను పిలిపించి, నేనే తొందరపడ్డానని ఇద్దరి ముందూ ఒప్పుకున్నాను. పేరు మళ్లీ జాబితాలో చేర్చి, ఒక్కటే షరతు పెట్టాను. ఆయన చెప్పాలి, పిల్ల అడిగి తెలుసుకుని తన మాటల్లో రాయాలి, చెప్పినవారెవరో కింద వేయాలి. కాగితం మాత్రం ఆయన ముట్టకూడదు.

“ఇగ ముట్టను మేడం,” అన్నాడు.

ఆదివారమంతా ఆ పిల్ల క్యాబు ముందు సీట్లో కూర్చుని ప్రశ్నలు అడిగిందట. సోమవారానికి మొత్తం తిరగరాసింది. నేను సంతకం పెట్టాను.

ప్రదర్శన శంషాబాద్‌లో ఒక పెద్ద బడి హాల్లో. గోడ మీద ప్రొజెక్టరు వెలుగులో మా కాగితం, ముందు మా నలుగురు. న్యాయనిర్ణేత ఒక రిటైర్డ్ లెక్చరరు, అంత తొందరగా నమ్మే మనిషి కాడు. అన్నీ చదివి ట్రావెల్స్ దగ్గర ఆగాడు.

“ఇది మీ నాన్నగారు రాసిచ్చారా, నువ్వే రాశావా?”

“బాపు చెప్పిండు. నేను రాసిన.”

“అయితే మోటబావి గురించి ఇందులో లేని సంగతి ఒకటి ఇప్పుడు నా ముందు రాయి. రాయలేకపోతే ఈ పేజీ లెక్కలోకి రాదు.”

పిల్ల నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ‘బాయిల నుంచి నీళ్లు ఎట్ల తీసేటోళ్లంటే’ అని కొట్టింది. అక్కడ చేతులు ఆగిపోయాయి. హాలంతా చూస్తోంది.

అప్పుడు గోడ మీద, ఆ సగం వాక్యం చివర, ఇంకో రంగు గీత ఒకటి వచ్చి నిలబడింది. గీత నెత్తి మీద చిన్న జెండా, జెండా మీద ‘ట్రావెల్స్’. పార్కింగులో కూర్చుని చూస్తున్నాడు మహానుభావుడు. ‘రెండు ఎడ్లు’ అని అక్షరాలు పడ్డాయి.

హాలు ఘొల్లుమంది. లెక్చరరు కళ్లజోడు తీసేశాడు. నా సంతకం, నా పరువు, ఆ పిల్ల చోటు అన్నీ ఒక్క దెబ్బకు గంగలో కలిశాయనుకున్నాను. అయినా నాకు నవ్వాగలేదు, అదేం పాడు జన్మో.

పిల్ల ఒక్కతే నవ్వలేదు. కింది వరసలో కొట్టింది: ‘బాపు, నువ్వాగు. నేను రాస్త.’

గీత ఆగింది. తర్వాత ‘ఎడ్లు’ పోయింది, ‘రెండు’ పోయింది, ఒక్కో అక్షరమే వెనక్కి. పిల్ల తన మాట కూడా చెరిపేసి, ఒక్క వేలితో మొదలుపెట్టింది. ఈసారి ఎక్కడా ఆగలేదు.

‘మా తాత ఎడ్లను ముందుకు తోలితే తోలు సంచి నిండ నీళ్లు పైకొచ్చేటివి. ఎనుకకు తోలితే సంచి మల్ల దిగేది. మా బాపు చిన్నగుండె, తాడు మీద కూసునేటోడు. ఇప్పుడు గా బాయి మీదికెల్లి ఇమానాలు లేస్తయి. మా బాపు దినాం మందిని ఆడ దింపి ఇంటికొస్తడు.’

లెక్చరరు చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. “ఇది ఇంకొకరు రాసిస్తే వచ్చేది కాదమ్మా,” అని పత్రం మీద నా సంతకం పక్కన తన సంతకం పెట్టాడు. నేను ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే టెంట్ హౌస్ భుజం పట్టుకుని నిలబడ్డాను.