బావ చేతికిచ్చిన సర్వపిండి

మంచిర్యాలలో మా అక్క సర్వపిండి పొట్లాలు అమ్ముతుంది. బియ్యప్పిండి, నువ్వులు, శనగపప్పు, ఉప్పూకారం అన్నీ కలిపే ఉంటాయి. కొన్నవాళ్లు నీళ్లు పోసి ముద్ద చేసి, గిన్నె అడుగుకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి మూతపెట్టి కాల్చుకోవడమే. అక్క కాలిస్తే అంచులు కరకరలాడుతాయి. కొన్నవాళ్లేమో ఫోన్ చేసి తిట్టేవాళ్లు. ఒకరికి పెంకులా గట్టిపడిందట, ఇంకొకరికి గిన్నెలోనే ముక్కలైందట.

"పిండిది కాదు తప్పు, చేసేటోళ్లది. నీళ్లు పోసుడు గూడ రాదు వాళ్లకు!" అని అక్క రుసరుసలాడింది.

నేను కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. ఒక ఆదివారం వెళ్లి, "నీళ్లెట్ల పోసినా ఖరాబు కాని పిండి చేద్దామక్కా" అన్నాను. అప్పటికే తను ఒకసారి పిండి, ఇంకోసారి పప్పు మార్చి చూసి విసిగిపోయింది. నేను మూడూ కలిపే మార్చమన్నాను: పిండి మెత్తగానా బరకగానా, నువ్వులు ఎక్కువా తక్కువా, పప్పు పచ్చిదా వేయించిందా.

"అన్నీ ఒక్కసారే మారిస్తె ఏది పనిచేసిందో ఎట్ల తెలుస్తదే?"

నాలుగు డబ్బాలు పెట్టి చూపించాను. రెండింట్లో మెత్తటి పిండి, రెండింట్లో బరకది. మెత్తటివాటిలో ఒకదానికి నువ్వులెక్కువ, ఒకదానికి తక్కువ, బరకవాటికీ అంతే. పప్పు కూడా ఎటూ మొగ్గకుండా సర్దాను, ఏ రెండింటిని మిగతా రెండింటితో పోల్చినా ఒక్కదాని తేడానే బయటపడేలా. అక్క కొంగు బిగించి పొయ్యి దగ్గరికి నడిచింది.

"నువ్వొద్దు. నీ చేతిల అన్నీ మంచిగనే అయితయి. వంట రానోళ్లు కావాలె," అని ఆపాను.

ఇద్దరం ఒకేసారి, పక్కనే కూర్చున్న బావవైపు చూశాం.

"ఏం మరదలా, నాకు వంట రాదని ఎవరు చెప్పిండ్రు?" అంటూనే లేచాడాయన.

ప్రతి డబ్బా పిండినీ ఒకసారి నీళ్లు తక్కువ పోసి, ఒకసారి ఎక్కువ పోసి చేయమన్నాను. మంట కూడా ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా. ఎక్కువంటే ఎంతో ఆయన ఇష్టం. బావ చెంబుతో కుమ్మరించాడు. అక్క గుమ్మంలో నిలబడి అల్లాడిపోయింది. "గా మంట జర..." అనబోతే, మాట్లాడొద్దని బయటికి పంపాను. వెళ్లి, ఆరిన బట్టలనే మళ్లీ ఆరేసి వచ్చింది.

మెత్తటి పిండి నీళ్లు కాస్త ఎక్కువైతే చాలు, సాగిపోయింది. నువ్వులు ఎక్కువైనచోట విరిగింది. పప్పు ఎలా ఉన్నా తేడా లేదు. బరక పిండి, తక్కువ నువ్వుల డబ్బా మాత్రం బావను పూర్తిగా తట్టుకుంది.

"నువ్వులు తక్కువైతే అదేం సర్వపిండి?" అక్క మూతి ముడిచింది. నిజమే, తన చేతిలో పాతదే రుచి. చివరికి బావ కాల్చిన ముక్క తుంచి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలింది.

"నిజంగ గిది ఈయనే చేసిండా?"

నేను తలూపాను.

"అయితె అమ్మేది గిది. మనం తినేది గది."

తిట్ల ఫోన్లు తగ్గాయి. ఇప్పుడు ఎవరైనా ఎలా చేయాలని అడిగితే ఫోన్ బావే ఎత్తుతాడు. "ఫికర్ చెయ్యకుండ్రి, చానా ఆసాన్, సులువుగ అయితది," అని మొదలుపెట్టి, తన చిట్కాలు చెబుతూ పోతాడు. ఆ చిట్కాలన్నీ తప్పే. అయినా వాళ్లకు సర్వపిండి బాగానే వస్తోందట.