నత్త ఒడ్డు చేరిందా

షాపులో అందరూ అతన్ని జిగురు అనే పిలిచేవారు. పుస్తకాలు బైండింగు చేసేవాడి వేళ్లకు ఎప్పుడూ జిగురు అంటుకునే ఉంటుంది కదా, అలా వచ్చిన పేరది. పేరైతే జిగురే గానీ కాపురం మాత్రం అతకలేదు. భార్య పాపను తీసుకుని వేరే ఇంటికి వెళ్లిపోయింది. పెద్ద పోట్లాటలేమీ జరగలేదు. ఉలుకూ పలుకూ లేని మనిషితో ఎంతకాలమని వేగను అందావిడ. ఆ మాటకూ ఈయన ఉలకలేదు, పలకలేదు. ఖర్మ కాకపోతే, కనీసం అప్పుడైనా నోరు విప్పొద్దూ!

ఇప్పుడతను ఆ బైండింగు షాపు పైనున్న ఒంటిగదిలో ఉంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నం పాపను తల్లి మెట్ల దగ్గర దిగబెట్టి, సాయంత్రం వచ్చి తీసుకుపోతుంది. ఏడేళ్ల పిల్ల. చెప్పులు గోడవారగా విప్పి, మంచం అంచున కూర్చుంటుంది. మంచినీళ్లిస్తే తాగుతుంది. అరటిపండు పెడితే తిని, తొక్క ఎక్కడ వెయ్యాలని అడుగుతుంది. ఎంత బుద్ధిమంతురాలో అని కింది షాపువాళ్లు మెచ్చుకునేవారు. ఆ బుద్ధే అతని ప్రాణం తోడేసేది. అదే పిల్ల ఇంట్లో ఉన్న రోజుల్లో జడ కాస్త బిగిస్తే చాలు, ఇల్లు పీకి పందిరి వేసేది. ఇక్కడికి మాత్రం చుట్టపుచూపుగా వస్తోంది. తన పిల్ల తన మీద ఒక్కసారి అలిగితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేవాడు.

ఏం చెయ్యాలో తోచక ఒక ఆదివారం పెట్టెలోంచి తన చిన్ననాటి బొమ్మల పుస్తకం తీశాడు. ఒక మేక పడవ నడుపుతూ జంతువులను ఏరు దాటించే కథ. పేజీకో జంతువు ఎక్కి, ఏదో ఒక వంకన పడవను ఊపేస్తుంది. చిన్నప్పుడు వాళ్లక్క అతన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించేది. అక్క పోయి చాలాకాలమైంది. ఆవిడ గొంతు కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఏనుగు ఎక్కగానే ‘అయిపోయాంరా దేవుడా’ అంటూ నుదురు కొట్టుకోవడం ఒక్కటే గుర్తు. అతనూ అలాగే కొట్టుకున్నాడు. పాప మర్యాదకి నవ్వింది.

కాసేపటికి పుస్తకం తనకిమ్మంది. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది.

“నాన్నా, ఇక్కడ నత్త ఉంది.”

నిజమే. బొమ్మకు అట్టడుగున, కాగితం అంచును ఆనుకుని, పెసరగింజంత నత్త. తర్వాతి పేజీలో అదే నత్త కాస్త ముందుకు జరిగింది. మేకతోనూ పడవతోనూ పని లేకుండా, ఏటి అడుగున పాకుతూ తన దారిన తను దాటిపోతోంది. అక్క చదివేటప్పుడు పుస్తకం కింది అంచు ఎప్పుడూ అతని మోకాళ్ల మధ్య దుప్పట్లో దిగబడి ఉండేది. కథ నోటికొచ్చేశాక ఇంక అడుగున ఎవడు వెతికాడు?

“ఇన్నేళ్లూ చూళ్లేదా? ఎంత మొద్దువి నాన్నా” అని పాప అతని భుజం మీద ఒక్కటేసింది. ఆ దెబ్బకి అతని కడుపు నిండిపోయింది.

సగం పేజీలైనా కాకముందే కింద నుంచి తల్లి పిలిచింది. పాప పుస్తకం మూసేసి, అది ఒడ్డు చేరిందో లేదో వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి చూడాలంది. తను లేకుండా చూడకూడదని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ వెళ్లింది.

పుస్తకం కుట్లు ఊడి కాగితాలు పాప చేతికే వచ్చేస్తున్నాయి. అలాంటిది పిల్ల చేతికి ఎలా ఇస్తాడు? వారంలో తీరిక చూసుకుని విప్పాడు. ఒట్టు తప్పకూడదని బొమ్మల మీద తెల్లకాగితం కప్పి, వెన్ను మాత్రం చూస్తూ కుట్టాడు. కొత్తకోడలిలా ఆ తల తిప్పుకోవడం ఏమిటని పక్కవాళ్లు ఆటపట్టించారు. కుట్టగానే పుస్తకాన్ని కోతమిషను కింద పెట్టి, నలిగిన అంచులు మూడు పక్కలా కోశాడు. కుట్టిన పుస్తకాన్ని కొయ్యకుండా వదలడం ఆ చేతులకు తెలియదు. తర్వాత ఎర్రగుడ్డ అట్ట వేశాడు. కోసిన ముక్కలు గోనెసంచిలో పడ్డాయి, శనివారం ఆ సంచి చిత్తుకాగితాలవాడి బండెక్కింది.

ఆదివారం పాప చెప్పులు కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చింది. ఎర్ర అట్ట చూసి మురిసిపోయింది. పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది, మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు తెలిసింది జిగురుకి. ప్రతి బొమ్మా ఏటి నీళ్లలోనే తెగిపోయింది. ఏటికి అడుగు లేదు.

“కోసేశానమ్మా” అన్నాడు. “చూడొద్దన్నావని చూళ్లేదు. అలవాటుకొద్దీ కోసేశాను.”

పాప కింది పెదవి వణికింది. ఏడిస్తే ఎత్తుకుందామని, కొడితే కొట్టించుకుందామని ముందుకు వంగాడు. పాప పుస్తకం మూసి, ఎర్ర అట్టను అరచేత్తో నిమిరింది.

“పర్లేదు నాన్నా. బైండింగు చాలా బాగుంది.”

వెళ్లి చెప్పులు గోడవారగా విప్పి, మంచం అంచున కూర్చుని, కథ మళ్లీ చదవమంది. చదివాడు. ఏనుగు ఎక్కినప్పుడు నుదురు కొట్టుకుంటే నవ్వింది కూడా.

సాయంత్రం తల్లి వస్తే చెయ్యి ఊపి దిగిపోయింది. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. మెట్ల మలుపు దాటాక వినిపించింది, వెక్కి వెక్కి ఏడుపు. నాన్న నత్తలన్నిటినీ కోసేశాడమ్మా, అది ఒడ్డు చేరిందో లేదో ఇంకెప్పటికీ తెలీదమ్మా అంటూ కాళ్లు నేలకేసి కొడుతోంది. మధ్యాహ్నం నుంచీ ఆ ఏడుపంతా తల్లి కోసం దాచుకుంది.

అతను గబగబా నాలుగు మెట్లు దిగి, ఆగిపోయాడు. తను కనబడితే పాప కళ్లు తుడుచుకుని, పర్లేదు నాన్నా అంటుంది.