మూల ఫైర్‌ప్లేస్‌కి గాజు తలుపులు, ముందొక కంచె

రెండేళ్ళ కిందటి జూన్ నెల. సిడ్నీలో జూన్ అంటే చలి ముదిరినట్టే, మాకు ఊపిరాడనంత పని మొదలైనట్టే. ఫైర్‌ప్లేస్‌లకి కొలత ప్రకారం గాజు తలుపులు చేయించి బిగించే షాపు మాది. కొలతలు తియ్యడం, ఇంటివాళ్ళతో వాదించడం నా వంతు. ఆ రెండో పనిలో నాకు మంచి పేరే ఉంది.

పెండిల్ హిల్ అనే పేటలో స్వప్న అనే అమ్మాయి రమ్మంటే వెళ్ళాను. కరీంనగర్ పిల్ల. భర్త కిరణ్ సాఫ్ట్‌వేర్. హాల్లో ఆగ్నేయం మూలన పాతకాలపు ఇటుక ఫైర్‌ప్లేస్ ఉంది. ఆగ్నేయంలో అగ్ని ఉందనే ఈ ఇల్లు కొన్నామని కిరణ్ మురిసిపోతూ చెప్పాడు. ఇప్పుడా మూలే వాళ్ళకి కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది. ఏడాది నిండబోతున్న కూతురు ఆద్య పాకడం నేర్చింది. కిందికి దించితే చాలు, నేరుగా మంట దగ్గరికే పాకుతుంది. ముందురోజు బూడిదలో చెయ్యి పెట్టిందట. అదృష్టం బాగుండి అది చల్లారిన బూడిద.

"బర్త్‌డే లోపల డోర్స్ పెట్టియ్యండి ఆంటీ. ఆ రోజు ఆయుష్షు హోమం గూడ దీంట్లనే చేపిస్తున్నం," అంది స్వప్న.

"ఫైర్‌ప్లేస్‌లో హోమమా!"

"మరేం జెయ్యాలె? సాంబ్రాణి ఏస్తేనే స్మోక్ అలారం మొత్తుకుంటది. గుండం దీంట్ల పెడితే పొగంత చిమ్నీలకెళ్ళి పోతది గదా."

ఇలాంటి ఉపాయం మనవాళ్ళకి తప్ప ఇంకెవరికి తడుతుంది! నవ్వు ఆపుకోలేకపోయాను.

మూల ఫైర్‌ప్లేస్‌తో ఒక తంటా ఉంది. రెండు పక్కలా గోడలు దగ్గరగా ఉంటాయి కాబట్టి మామూలు తలుపులు బార్లా తెరుచుకోవు. మడత పడే బైఫోల్డ్ తలుపులు పెట్టాలి. పైగా పాత ఇటుక మూతి ఎక్కడా మట్టంగా ఉండదు. అందుకని పైనా మధ్యలో కిందా వేరువేరుగా కొలిచి, అట్ట కత్తిరించి ఆనించి చూసుకుంటాను.

గాజు దగ్గర కిరణ్ అడ్డం తగిలాడు. "టఫెన్డ్ గ్లాస్ పెట్టండి ఆంటీ. మా షవర్‌కి అదే ఉంది, మస్తు స్ట్రాంగ్."

"దెబ్బకి గట్టిదే బాబూ, సెగకి కాదు. తలుపులు మూసి మంట మండిస్తే పగిలిపోవచ్చు. సిరామిక్ గ్లాస్ అని వేరే ఉంది, ఆ వేడికి తట్టుకునేలా చేసింది. అది పెడదాం."

దానికి ఒప్పుకున్నాడు. అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. తలుపుల ముందు సేఫ్టీ గార్డ్ ఉండాలన్నాను. గార్డ్ అంటే గోడకి స్క్రూలతో బిగించే ఇనప కమ్మీల కంచె. దానికో చిన్న గేటు ఉంటుంది.

స్వప్న మొహం మాడిపోయింది. "గింత మంచి గ్లాస్ పెట్టుకొని ముంగట జైలు కమ్మీలా? గ్లాస్ ఉంటే పాప మంటల చెయ్యి పెట్టదు గదా ఆంటీ!"

"మంటలో పెట్టదమ్మాయ్, గాజు మీద పెడుతుంది. లోపల కట్టెలు మండుతుంటే ఆ గాజు అట్లపెనమే. గాజు నిప్పురవ్వల్ని ఆపుతుంది గానీ చేతిని ఆపదు."

ఆమె వినలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎన్నాళ్ళ నుంచో అనుకున్న హోమం, ఊళ్ళోవాళ్ళందరికీ పంపాల్సిన ఫొటోలు, అన్నిట్లోనూ కమ్మీలేనా అని ఆమె బాధ. ఆడపిల్ల ఏడుస్తుంటే నాకూ మనసు మెత్తబడింది. పోనీలే, ఫంక్షన్ అయ్యాక బిగిద్దాం అనబోయాను. సరిగ్గా అప్పుడే ఆద్య వాళ్ళ నాన్న ఒళ్ళోంచి జారి ఆ మూలకే పాకింది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

"గార్డ్ లేకుండా నేను తలుపులు బిగించను. ఇంకొకర్ని చూసుకుంటానంటే నీ ఇష్టం," అన్నాను. కటువుగానే అన్నాను.

స్వప్న మూతి ముడుచుకునే ఒప్పుకుంది. బిగించిన రోజు నాకు కాఫీ కూడా ఇవ్వలేదు. పుట్టినరోజుకి మాత్రం పిలిచింది.

హోమం బాగా జరిగింది. గేటు తెరిచి, తలుపులు మడిచి, గుండం లోపల పెట్టారు. నెయ్యి పడ్డప్పుడల్లా మంట లేస్తుంటే తల్లి ఒళ్ళో పాప చప్పట్లు కొట్టింది. అలారం నోరెత్తలేదు. తర్వాత గుండం తీసేసి, చలిగా ఉందని కట్టెలు వేసి, గాజు తలుపులు, గేటు మూశారు. అందరం భోజనాలకి లేచాం.

స్వప్న తమ్ముడు నరేశ్‌కి ఫొటోల పిచ్చి. "అక్కా, గీ కమ్మీలు తీసేస్తే కేక్ వెనక మంట మస్తు కనబడ్తది," అంటూ గార్డ్‌ని పట్టి రెండు చేతులా గుంజాడు. అది కదల్లేదు. "ఎవరు బిగించిన్రో గాని!" అని విసుక్కుని కెమెరా కోసం ఇటు తిరిగాడు. ఆ సందులో ఎవరి చేతుల్లోంచి దిగిందో ఏమో, ఆద్య అతని కాళ్ళ మధ్య నుంచి దూరి మంట వైపు పాకింది.

నా చేతిలో పులిహోర ప్లేటు ఉంది. దాన్ని పక్కన పెట్టి అటు పరుగెత్తబోయాను. పాప రెండు చేతులూ చాచి కమ్మీలు పట్టుకుంది. పట్టుకుని, మెల్లగా, తూలుతూ, లేచి నిలబడింది. పుట్టాక అదే మొదటిసారి నిలబడటం! గాజు ఇంకా మూరెడు దూరంలో ఉంది. దాని వెనక కట్టెలు ఎర్రగా కణకణలాడుతున్నాయి. ఆ మంటకేసి చూసి కిలకిలా నవ్వింది.

జనం చప్పట్లు కొట్టారు. స్వప్న కొట్టలేదు. పరుగున వెళ్ళి పాపని ఎత్తుకుంది. అరచేతులు రెండూ విప్పి, ఇటు తిప్పి అటు తిప్పి చూసి, ముద్దులు పెట్టి భోరున ఏడ్చింది. కిరణ్ ఆ కమ్మీల మీద తన చెయ్యి ఆనించి చూశాడు. కమ్మీలు గోరువెచ్చగా ఉన్నాయి, అంతే.

హమ్మయ్య అనుకున్నాను. పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. స్వప్న వచ్చి పాపని నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

మంట కనిపిస్తే అందరూ భయపడతారు. ముందు గాజు పెట్టగానే ఆ భయం పోతుంది, వేడి మాత్రం పోదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఆ ఇంట్లో నేర్చుకున్నది వేరు. మంచి అనిపించుకోవాలన్న ఆశ నా పనికి పనికిరాదు. ఇప్పటికీ చాలామంది నా మీద మూతి ముడుస్తారు, కాఫీ ఇవ్వరు. ఇవ్వకపోనీ. ఆ రోజు ఆద్య అరచేతులు నేనూ పట్టుకు చూశాను, ఎక్కడా కందలేదు. నాకది చాలు.