ఎండు గ్రహం మాట చెప్పి తడి పోగొట్టిన వైనం

మా కాలువ చివరి పొలాలకు రావలసిన ఆఖరి తడిని కాలువ ఎగువనున్న పై రైతులు పట్టుకుపోయారు. ఇప్పించింది నేనే, మైకు పట్టుకుని మరీ. ఈ అన్యాయానికి కారణం అజ్ఞానం. నాది కాదు, లోకానిది!

నేను బడిలో చదివింది తక్కువ. మిగతా చదువంతా పాత పత్రికలూ టీవీలూ చెప్పాయి. నా పడుచు వయసులో ఆదివారం ఆదివారం ఒక అంతరిక్ష సీరియల్ వచ్చేది. అందులో ఎండు గ్రహం వాళ్లు "మేం ఓపిక పడతాం" అంటారు. అన్న మరుసటి వారమే నీళ్ల ఓడను ముట్టడిస్తారు. ఆ మాట వింటే మా బాన్సువాడలో మీసమొచ్చిన ప్రతివాడికీ ఒళ్లు జలదరిస్తుందని నా గట్టి నమ్మకం.

కొన్నేళ్ల కిందటి యాసంగి పంట కాలం. వరి పొట్ట మీదుంది, మళ్లు నెర్రెలిచ్చాయి. నీళ్ల మీటింగుకు కుర్ర ఇంజినీరు వచ్చాడు. చివరి రైతుల తరఫున మాట్లాడే పెద్దమనిషిని నేను.

పక్క మడి సాయవ్వ ముందే హెచ్చరించింది. "కాకా, నీళ్లు గావాలని సక్కగ అడుగు. కతలు జెప్పకు."

"నువ్వు సూడు సాయవ్వా, సారు ఎట్ల వణుకుతడో!"

మైకందుకున్నాను. గొంతు తగ్గించి, కళ్లు చిన్నవి చేసి అన్నాను: "సారూ, మేం ఎండు గ్రహపోళ్లం. ఓపిక పడతం."

సారు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. పని అయిందనుకున్నాను. ఇంజినీరు లేచి రెండు చేతులా దండం పెట్టాడు.

"గిసొంటి పెద్దలుంటే మాకేం ఫికర్! ముందుగాల పైవాళ్లకే నీళ్లిద్దాం."

చప్పట్లు! పైవాళ్లవి మరీ గట్టిగా.

"అట్ల గాదు సారూ, అది బెదిరింపు!"

"ఎవర్ని కాకా?"

"మిమ్ముల్నే!"

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే నా మెడ మీద శాలువా పడింది. మా దిక్కున పదిమందిలో శాలువా కప్పాక పెద్దమనిషి మాట వెనక్కి తీసుకోవడమంటే, తాళి కట్టి వేరే పెళ్లికూతురిని చూపించమనడమే.

బయటికొచ్చాక సాయవ్వ అంది: "కాకా, గా శాలువ తెచ్చి నా మడిల పరుచు. నీళ్లూరుతయేమో సూద్దాం."

ఆ పంటకు ఆమె మడిలో సగం తాలు గింజలే. ఆమెకు మొహం చూపించలేకపోయాను.

ఉండబట్టలేక ఊరంతా విచారించాను, చాయ్ హోటల్ నుంచి మంగలి దుకాణం దాకా. "ఎండు గ్రహం యాదికుందా?" అంటే ఒకాయన, "గది బీర్కూర్ దిక్కుంటదా?" అన్నాడు. ఇదీ మన పెద్దల విజ్ఞానం! అప్పుడే శపథం పట్టాను: ఇకమీదట నీళ్లు కావాలంటే నీళ్లు కావాలనే అడుగుతాను, వానకు తప్ప ఆకాశం జోలికి పోను.

మొన్న ఆ ఇంజినీరు బదిలీ మీద పోతూ బస్టాండులో కనిపించాడు. ఎదురుగా పోయి నిలదీశాను.

"ఇంత సదువుకున్నోనివి, గా సీరియల్ సూడకపోతివి! సాయవ్వ పంట పాయె!"

ఇంజినీరు చేతిలో సంచి కింద పెట్టాడు.

"సూడకేంది కాకా, మా నాయన అన్ని భాగాలు సూపెట్టిండు. ఆఖరి భాగంల ఎండు గ్రహపోళ్లు ముట్టడి తప్పయిందని ఏడ్చి, ఓపిక పడతమని చెప్పి, ఉన్న నీళ్లు గూడ పక్క గ్రహానికి ఇచ్చేస్తరు గదా? మీరు గా మాట అనంగనే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి!"