స్టీరింగ్ బాక్సు, బావ పొట్ట

మా బావ డ్రాగ్ కారు కడతానన్నప్పుడు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పి లాభం లేదని అందరికీ తెలుసు. బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లయ్యాక కూడా పిలుపు మారలేదు, పోట్లాటలూ మారలేదు. డ్రాగ్ కారంటే మలుపులు లేని తిన్నని దారిలో పావుమైలు దూరం దూసుకుపోయే పందెం కారు. రాజపాళయంలో మా ఇంటి వెనక మామిడికాయలు మాగబెట్టే కొట్టం ఉంది. మామిడికాయలను బయటికి తరిమేసి బావ అందులో ఒక పాత ఫియట్‌ను పెట్టి, దానికి మించిన ఇంజిన్ ఒకటి ఎక్కించాడు.

నా కోరిక మొదటిరోజే చెప్పేశాను.

"బావా, దీన్ని నేను నడుపుతా."

"సూద్దాములే" అన్నాడు.

బావ నోట "సూద్దాములే" వచ్చిందంటే ఆ పని కాదని అర్థం. నాకు ఒళ్లు మండింది. మంసాపురంలో మా నాన్న ట్రాక్టరును పెళ్లికి ముందే దున్నపోతులా తిప్పినదాన్ని. పైగా ఇలాంటి పందెంలో బరువు తక్కువున్న మనిషి కూర్చుంటే బండి ముందుపడుతుందని చెప్పిందీ బావే. నేను పక్కన నిలబడితే బావలో సగం ఉంటాను. ఇంకేం కావాలి?

"ట్రాక్టరు వేరే, ఇది వేరేలే. నువ్వు సుమ్మా ఉండు" అన్నాడు. నేను అలా ఊరికే, సుమ్మా ఉండే రకం కాదు. రోజూ కొట్టంలోకి వెళ్లి కూర్చునేదాన్ని.

కొత్త ఇంజిన్ పెద్దది కావడంతో ఫియట్ సొంత స్టీరింగ్ బాక్సుకు చోటు లేకుండా పోయింది. చోటున్నా పనికొచ్చేది కాదు. అరిగిపోయి, చక్రం సగం తిప్పాకగానీ టైర్లకు కబురు అందేది కాదు. బావ మదురై పాత సామాన్ల అంగళ్లలో తిరిగి ఒక చిన్నకారు స్టీరింగూ, ఒక జీపు స్టీరింగూ తెచ్చాడు. ఆస్పత్రులకు కట్టుగుడ్డ నేసే సత్రపట్టి నుంచి వచ్చిన ముక్కలతో గ్రీజు తుడిచి, మూడింటినీ వరండాలో వరసగా పడుకోబెట్టాడు. చూస్తే మా వరండా ఆస్పత్రి వార్డులా ఉంది.

అత్త కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"ఏరా, నేరుగా పోయే బండికి స్టీరింగ్ దేనికిరా? సుమ్మా ఒక కడ్డీ నాటి పట్టుకొంటే చాలదా?"

"నేరుగా పోవాలంటేనే అమ్మా స్టీరింగ్ ముఖ్యం. అంత వేగంలో ఏ బండీ తనుగా నేరుగా పోదు. కొంచం కొంచం సరి చేస్తానే ఉండాల."

అందుకే చిన్నకారు స్టీరింగ్ వద్దనుకున్నాడు. అది మరీ చురుకు. నడిపేవాళ్లు తుమ్మితే కారు పక్క దారిలోకి పోతుంది. జీపుది నిదానం. చక్రం చాలా తిప్పితే టైరు కాస్త తిరుగుతుంది. చెయ్యి వణికినా కారు వణకదు. నాకూ అదే నచ్చింది. నా చేతులకు సరిపోయేది అదేనని పైకి అనేశాను కూడా. బావ వినపడనట్టు గ్రీజు తుడుచుకున్నాడు.

జీపు స్టీరింగ్‌తో చిక్కు ఏమిటంటే, బాక్సు, పొడవాటి కడ్డీ, రెండూ ఒకటే ముక్క. ఆ కడ్డీని కోసి పొట్టి చేసి అతకడానికి బావ చచ్చినా ఒప్పుకోడు. "వేగంలో వెల్డింగ్ ఇరిగిందంటే చేతిలో చక్రం మాత్రమే మిగలతాది" అంటాడు. ఆ ఒక్క విషయంలో నేనెప్పుడూ ఆయనతో వాదించలేదు. బాక్సుకు ఒక చెయ్యి ఉంటుంది. అది ముందుకూ వెనక్కూ ఊగుతూ టైర్లను తిప్పుతుంది. ఆ చెయ్యి కిందికి వేలాడాలి. కిందికి వేలాడితే పొగగొట్టానికి తగిలింది. బావ కాసేపు తల గోక్కుని, బాక్సును బోర్లించి ఆ చెయ్యిని పైకి నిలబెట్టాడు. గొట్టం తప్పింది. బావ ముఖం వెలిగిపోయింది.

పరీక్ష కూడా చేశాం. బావ లోపల కూర్చున్నాడు, నేను కారు ముందు దానికి ఎదురుగా నిలబడ్డాను.

"ఎడమ పక్కం తిప్పుతాను. ఏ పక్కం పోతాదే?"

"ఎడమ పక్కమే."

"ఇప్పుడు కుడి?"

"కుడి."

ఇద్దరం ఎంతో సంతోషించాం.

శుక్రవారం పూజ పెట్టాం. కర్పూరం వెలిగించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, అత్త దిష్టి తీసింది. బావ ఇంజిన్ వేసి కారును మెల్లగా కదిలించాడు. నిమ్మకాయలు చితికాయి. వాకిలి ఎడమవైపు ఉంది కాబట్టి ఎడమకు తిప్పాడు. కారు కుడికి వెళ్లింది. బావ కంగారుపడి ఇంకా ఎడమకు తిప్పాడు. కారు ఇంకా కుడికి వెళ్లి, అత్త చాపమీద ఎండబెట్టిన వడియాల మీదికెక్కి ఆగింది.

అత్త గుడ్లురిమింది. "ఎడమకి తిప్పితే కుడికి పోయేది ఏమి బండిరా? నా వడియాలన్నీ పాయె!"

బావ ఇంజిన్ ఆపాడు. ఆయన్ను దించి మొదటిసారి నేను లోపల కూర్చున్నాను. చక్రం ఎడమకు తిప్పి, ఎదురుగా నిలబడ్డ బావను ఎటు తిరిగిందో అడిగాను.

"ఎడమకే పోయిందే!"

"ఆ పక్కం చెయ్యి ఎత్తి, అట్లే నిలుచుకో."

ఆయన ఎడమ చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి నాకు కుడివైపు వచ్చింది. కారుకు ఎదురుగా నిలబడ్డవాళ్ల ఎడమ, కారుకు కుడి. ఇన్నాళ్లూ తప్పును తప్పుతో సరిచూసుకుని మురిసిపోయాం. బాక్సును బోర్లిస్తే తోసేది లాగుతుంది, లాగేది తోస్తుంది. మరి తప్పు బోర్లించినవాడిదా, ఎదురుగా నిలబడినదానిదా? మా ఇంట్లో ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

బాక్సును సరిగ్గా తిప్పి, గొట్టం తగలకుండా జానెడు వెనక్కి జరిపాడు. బాక్సుతోపాటు కడ్డీ, కడ్డీతోపాటు చక్రం వెనక్కొచ్చాయి. బావ కూర్చుని చూసి సరిపోయిందన్నాడు.

"ఊపిరి వదులు బావా" అన్నాను.

వదిలాడు. చక్రం పొట్టలో దిగబడింది. సీటు వెనక, బండి బోర్లాపడినా మనిషిని కాపాడే ఇనుప గొట్టాల చట్రం, వెనక్కి జరిపే దారి లేదు. కడ్డీని కొయ్యకూడదు. మిగిలింది పొట్ట ఒక్కటే.

బావ అంత తేలిగ్గా లొంగలేదు. "మళ్లీ బోర్లించేస్తా. ఉల్టాగా నడిపేది పళకం చేసుకొంటా, అలవాటైపోతాది" అన్నాడు. నా కోపం నషాళానికెక్కింది. "నాకు తాళి కట్టినావు కదా, అది జ్ఞాపకం పెట్టుకొని మాట్లాడు" అన్నాను. ఆ మాటతో ఆ ఆలోచన మానుకున్నాడు. తర్వాత రాత్రుళ్లు అన్నం మానేసి రాగి సంగటి మొదలుపెట్టాడు. అత్త జాలిపడి దానిమీద నెయ్యి పోస్తూ వచ్చింది. పొట్ట ఇంకొంచెం ముందుకొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున కొట్టంలోకి వెళితే, బావ ఆ సీట్లో ఊపిరి బిగబట్టి ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఇంజిన్ కూడా వెయ్యలేదు. కాలేజీ రోజుల నుంచి కన్న కల అది. చక్రాన్ని వేళ్లతో నిమురుతున్నాడు. ఆ సీటు కోసం అంత పోట్లాడినదాన్ని, అప్పుడు నాకు దాని మీద ఆశే చచ్చిపోయింది.

"ఆగుదాము బావా. నీ పొట్ట తగ్గినాకనే పందేనికి పోదాము" అన్నాను.

ఆయన దిగాడు. నన్ను ఎక్కి కూర్చోమన్నాడు. కాళ్లు చాపమని, క్లచ్ పూర్తిగా తొక్కమని చెప్పి, సీటును నాకు అందేదాకా ముందుకు జరిపి సుద్దముక్కతో గీత గీశాడు. నన్ను దించి వెల్డింగ్ కడ్డీ చేతికి తీసుకున్నాడు.

"సీటుకి వెల్డింగ్ దేనికి? బోల్టు చాలదా?" అన్నాను.

"బోల్టు పెడితే వెనక్కి జరిపి నేనే కూర్చుందామని ఏదో ఒకనాడు నాకు బుద్ధి పుట్టతాదే. నా బుద్ధి నాకు తెలీదా?" అన్నాడు. "నిప్పు చూడొద్దు. కండ్లు మూసుకో."

మూసుకున్నాను. అప్పటికే అవి నిండిపోయి ఉన్నాయి.